చెవి మిషన్: అంగట్లో కొనాలా, పరీక్ష చేయించి తీసుకోవాలా?



ఈ మధ్య పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకొచ్చే కొడుకులు, కోడళ్లు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "ఇది ఆన్‌లైన్‌లో పదిహేను వందలకే వస్తుందట, మా బాపుకు తెప్పించమంటారా?" అని అడుగుతున్నారు. హైదరాబాదులో పరీక్ష చేయించుకుని వచ్చినవాళ్ల ప్రశ్న ఇంకోలా ఉంటుంది. "రెండు చెవులకు కలిపి అరవై వేలు అన్నారు. అంత పెట్టక తప్పదా? ఈ చిన్న మిషన్ సరిపోదా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఎకరం పొలం ఉన్న రైతుకు, బీడీలు చుట్టి ఇల్లు గడిపే తల్లికి అరవై వేలంటే చిన్న సొమ్ము కాదు. తక్కువ ధరలో పని జరిగితే ఎవరికి చేదు? కాబట్టి ఏది ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కీడు చేస్తుంది అన్నది ఈ నెల పాఠంలో చూద్దాం.

"ఇనవడ్తది గని సమజైతలేదు"

వయసు పైబడ్డాక వచ్చే చెవుడు గురించి మన సిద్దిపేట వైపు పెద్దలు చెప్పే మాట ఇది. వైద్య గ్రంథాలు పేజీలకొద్దీ రాసిన సంగతి ఈ చిన్న మాటలో ఉంది. శబ్దం చెవిన పడుతుంది, మాట మాత్రం తెలియదు. ఇలా ఎందుకవుతుందో అర్థమైతే మిషన్ ఎంపిక సగం తేలికవుతుంది.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. దానిలో వెంట్రుకల వంటి సన్నని కణాలు వరుసగా ఉండి శబ్దాన్ని నరానికి అందిస్తాయి. నత్తగుల్ల మొదట్లో ఉన్న కణాలు కీచు శబ్దాలను, లోపలి కొసన ఉన్నవి బొంగురు శబ్దాలను పట్టుకుంటాయి. వయసు వల్ల గానీ, ఏళ్ల తరబడి మరమగ్గాల మధ్య, రైసు మిల్లులో పనిచేసినందువల్ల గానీ ముందుగా పాడయ్యేవి మొదట్లో ఉన్న కణాలు. పూర్వం క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ల వల్ల కూడా కొందరికి లోపలి చెవి ఇలాగే దెబ్బతింది.

ఇప్పుడు మన భాష సంగతి చూడండి. అ, ఆ, ఓ వంటి అచ్చులు బొంగురుగా, బలంగా పలుకుతాయి. క, చ, త, ప, స వంటి హల్లులు సన్నగా, క్షణంలో పలికిపోతాయి. కీచు శబ్దాలు వినిపించని పెద్దాయనకు "పప్పు", "కప్పు", "తప్పు" అన్నీ ఒకేలా వినిపిస్తాయి. "కప్పు కడిగిన" అని కోడలు అంటే "పప్పు కడిగిన" అనుకుంటాడు. వంటింట్లోని మాట కాబట్టి అదీ పొసుగుతుంది. అంతవరకు ఫరవాలేదు. ఆసుపత్రిలో మందు పేరు, బ్యాంకులో అంకె ఇలా మారిపోతేనే చిక్కు.

ఇంట్లోవాళ్లు ఇక గట్టిగా అరవడం మొదలుపెడతారు. అరిచినప్పుడు అచ్చులే పెరుగుతాయి, హల్లులు అంతగా పెరగవు. పైగా ఇలా దెబ్బతిన్న చెవికి మెల్లని శబ్దం అందదు, గట్టి శబ్దం భరించరానిదిగా ఉంటుంది. అందుకే "ఎందుకు అరుస్తవ్, జర మెల్లగ చెప్పు" అని పెద్దాయన కసురుకుంటాడు. "మెల్లగ చెప్తే ఇనవడది, గట్టిగ చెప్తే కోపం" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అనే సామెత ఉంది గానీ, ఈ రకం చెవుడులో శంఖం చక్కగా వినిపిస్తుంది. వినిపించనిది మనుమరాలి సన్నని మాట.

ఇంకో రకం చెవుడు ఉంది. చెవి దారిలో గుబిలి గట్టిపడడం, కర్ణభేరికి చిల్లు పడడం, దాని వెనక నీరు చేరడం, మధ్య చెవిలోని చిన్న ఎముకలు బిగుసుకుపోవడం వంటి కారణాల వల్ల శబ్దం లోపలికి చేరదు. వీటిలో చాలావాటికి మందో, ఆపరేషనో ఉంటుంది. గుబిలి అయితే ఓపీలో కొద్ది నిమిషాల్లో తీసేస్తారు. అలాంటి చెవికి రెండువేల మిషనైనా, లక్ష రూపాయల మిషనైనా కొనడం దండగే.

పదిహేను వందల మిషన్ ఏం చేస్తుంది?

ఆ పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవండి. చాలావాటి మీద "సౌండ్ ఆంప్లిఫైయర్" అని ఉంటుంది. అంటే శబ్దాన్ని పెద్దది చేసే పరికరం. చక్రం తిప్పితే అన్ని శబ్దాలూ ఒక్కసారే పెరుగుతాయి. కోడలి మాటతో పాటు ఫ్యాను హోరు, కుక్కరు కూత, వీధిలో ఆటో హారను అన్నీ పెరుగుతాయి. పాడైన కీచు భాగానికి చాలినంత అందేలోపు బాగున్న బొంగురు భాగం చెవిని మోత మోగిస్తుంది. రెండు రోజులు చూసి తీసి అలమారలో పెట్టేస్తారు. "మిషన్లు మా అవ్వకు పడవు" అనే నమ్మకం ఆ ఇంట్లో పాతుకుపోతుంది. డబ్బు పోయినదానికంటే ఇదే పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఒకసారి విసిగిన మనిషిని మళ్లీ ఒప్పించి పరీక్షకు తీసుకురావడానికి ఏళ్లు పట్టవచ్చు.

అసలైన వినికిడి మిషన్ శబ్దాన్ని భాగాలుగా విడగొట్టి, మీ చెవి ఎక్కడ బలహీనమో అక్కడే పెంచుతుంది. మెల్లని మాటను ఎక్కువగా, గట్టి శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది. దీన్ని మీ పరీక్ష కాగితం చూసి కంప్యూటరు ద్వారా అమరుస్తారు. పెంచిన శబ్దం ఒక హద్దు దాటకుండా అడ్డు కూడా పెడతారు. చౌక పరికరాల్లో కొన్నింటికి ఆ అడ్డు సరిగా ఉండదు. మిగిలి ఉన్న వినికిడిని అవి దెబ్బతీసే ప్రమాదం ఉంది.

అమెరికాలో దుకాణంలో అమ్ముతున్నారు కదా?

అవును. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఫోను చేసి "ఇక్కడ డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతున్నయి, పంపిస్తం" అంటున్నారు. ఆ సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి.

అక్కడ మిషన్ల ధరలు మోయలేనంతగా ఉండడంతో 2017లో అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. 2022 ఆగస్టులో నియమాలు ప్రకటించింది. 2022 అక్టోబరు 17 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఈ మిషన్లు 18 ఏళ్లు దాటినవారికి మాత్రమే. అదీ కొద్దిపాటి లేదా మధ్యరకం వినికిడి లోపం ఉందని తమకు తోచినవారికే. పరికరం నుంచి వచ్చే శబ్దం 111 డెసిబెల్స్ మించకూడదు, శబ్దాన్ని బట్టి తనే సర్దుకునే రకమైతే 117 వరకు ఉండవచ్చు. ఏ లక్షణాలుంటే ముందు డాక్టరు దగ్గరికి పోవాలో పెట్టె మీద రాసి తీరాలి. 2024 సెప్టెంబరులో యాపిల్ కంపెనీ ఇయర్‌ఫోన్లలో వాడే వినికిడి సాఫ్ట్‌వేరుకు కూడా అదే సంస్థ అనుమతి ఇచ్చింది.

ఇలాంటివి పనిచేస్తాయా? మంచి పరిశోధనలే జరిగాయి. ఇండియానా విశ్వవిద్యాలయంవారు 2017లో ప్రకటించిన పరిశోధనలో కొందరికి నిపుణులు మిషన్ అమర్చారు, కొందరు ముందే సిద్ధం చేసినవాటిలో తమకు నచ్చినది తామే ఎంచుకున్నారు. రెండు వర్గాలకూ మేలు కలిగింది. అయితే తామే ఎంచుకున్నవారిలో తృప్తి తక్కువగా కనిపించింది. ఫోను సాయంతో సొంతంగా అమర్చుకునే ఒక మిషన్ మీద 2023లో వచ్చిన మరో పరిశోధనలో, ఆరు వారాల తర్వాత నిపుణులు అమర్చినవారికీ సొంతంగా అమర్చుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీన్నిబట్టి దుకాణం మిషన్ చాలునని తేల్చేయకండి. రెండు విషయాలు గమనించాలి. ఆ పరిశోధనల్లో చేరినవాళ్లందరికీ ముందు వినికిడి పరీక్ష చేసి, లోపం ఏ రకమో, ఎంతో తేల్చుకున్న తర్వాతే తీసుకున్నారు. ఇండియానా పరిశోధనలో అయితే రెండు వర్గాలకూ ఇచ్చింది ఒకే రకం ఖరీదైన మంచి మిషన్. ఎవరు అమర్చారు అన్నదొక్కటే తేడా. మన ఫోనులో కనిపించే పదిహేను వందల పెట్టె ఆ కోవలోది కాదు. పేరు ఒకటే అయినా అవి రెండు వేరు వస్తువులు.

మన దేశంలో అలాంటి ప్రత్యేక తరగతి ఏర్పడలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. కానీ బజారులో ఆచరణ మీకు తెలిసిందే. వినికిడి మిషన్ కొనడానికి డాక్టరు చీటీ అడిగే దుకాణం అరుదు. కాబట్టి చీటీ ఉందా లేదా అనేది మన దగ్గర పెద్ద ప్రశ్న కాదు. చెవి చూశారా, వినికిడి కొలిచారా, ఆ కొలతకు మిషన్‌ను సరిచేశారా అన్నవే మనం అడగాల్సినవి. ఖరీదైన దుకాణంలో కూడా ఈ మూడూ చేయకుండా అమ్మితే అది అంగడి మిషన్ కిందే లెక్క.

వీరు మిషన్ మాట ఎత్తకముందే డాక్టరుకు చూపించాలి

అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టు ఉండి, ఫోను ఆ చెవికి పెడితే వినిపించకపోతే అదే రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండు మూడు రోజుల్లోపల ఒక్కసారిగా వినికిడి పడిపోవడం అత్యవసర స్థితి. స్టెరాయిడ్ మందులతో కొందరికి వినికిడి తిరిగి వస్తుంది, కానీ మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఆశ ఎక్కువ. రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. మనవాళ్లు "చలిగాలి కొట్టింది", "గుబిలి పట్టింది" అనుకుని వెల్లుల్లి నూనె పోసుకుంటూ నెల గడిపేస్తారు. ఆన్‌లైన్‌లో మిషన్ తెప్పించుకుని ఆ నెలను పోగొట్టుకోవడం ఇప్పుడు కొత్తగా చేరింది.

చెవి నుంచి చీము, రక్తం కారుతున్నా, ఆరు నెలల్లో ఎప్పుడైనా కారినా అంతే. దుర్వాసనతో కారే చీము కొందరిలో లోపలి ఎముకను తినేసే జబ్బుకు గుర్తు. అది ముదిరితే మూతి వంకర పోవచ్చు, మెదడుకు చీము పట్టవచ్చు. అలాంటి చెవిని మిషన్ బిరడాతో మూసేస్తే తడి ఆరక మరింత చెడుతుంది. ఒక చెవి కంటే రెండో చెవి బాగా మందంగా ఉండడం, ఒక్క చెవిలోనే హోరు, కళ్లు తిరిగి పడిపోవడం, చెవి నొప్పి, వినికిడి ఒకసారి తగ్గి ఒకసారి పెరగడం, కొద్ది నెలల్లోనే వేగంగా తగ్గిపోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షే. ఒక్క చెవిలోనే లోపం ఉంటే, అరుదుగానైనా, వినికిడి నరం మీద గడ్డ ఉండవచ్చు.

పిల్లల విషయంలో రెండో మాట లేదు. పిల్లలకు అంగడి మిషన్ ఎప్పుడూ పెట్టకండి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డను, ఏడాది దాటినా "అమ్మ", "అత్త" అనని బిడ్డను "వాళ్ల నాయిన కూడ ఆలస్యంగనే మాట్లాడిండు" అని ఇంట్లో ఉంచకండి. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలు కావాలని నిపుణులు చెబుతారు. మాట నేర్చుకునే వయసు దాటిపోతే ఎంత ఖర్చు పెట్టినా ఆ కాలం తిరిగి రాదు. చెవి లోపల ఆపరేషన్ ద్వారా అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమైన చిన్నపిల్లలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద సాయం ఉంది.

పరీక్షలో ఏం చేస్తారు?

భయపడవలసిందేమీ లేదు, సూదులు ఉండవు. ముందు డాక్టరు దీపం వేసి చెవిలోకి చూస్తారు, గుబిలి ఉంటే తీస్తారు. తర్వాత ఆడియాలజిస్టు మిమ్మల్ని చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఫోన్లు పెట్టి సన్నని కూతలు వినిపిస్తారు. వినబడినప్పుడల్లా వేలు ఎత్తడమో, మీట నొక్కడమో చేయాలి. చెవి వెనక ఎముక మీద కూడా ఒక చిన్న పరికరం పెట్టి వినిపిస్తారు. ఎముక ద్వారా బాగా వినిపించి గాలి ద్వారా వినిపించకపోతే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉందన్నమాట. మందుతో, ఆపరేషన్‌తో బాగయ్యేవాళ్లు ఇక్కడే బయటపడతారు. అంగట్లో మిషన్ కొన్నవాళ్లకు దక్కనిది ఈ ఒక్క పరీక్షే.

చివరికి ఒక గీతల కాగితం ఇస్తారు. దాని పేరు ఆడియోగ్రామ్. కుడి చెవిని ఎర్ర సున్నాలతో, ఎడమ చెవిని నీలి ఇంటూ గుర్తులతో చూపిస్తారు. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ లోపు ఉంటే వినికిడి బాగున్నట్టు. 20 నుంచి 35 లోపు కొద్దిపాటి లోపం, 35 నుంచి 50 లోపు మధ్యరకం, 50 నుంచి 65 లోపు అంతకు మించినది, 65 దాటితే తీవ్రం. ఈ కాగితం మీ ఆస్తి. దుకాణంవారు పరీక్ష చేసినా కాగితం అడిగి తీసుకోండి. ఒక దుకాణంలో పరీక్ష చేయించుకుని ఇంకోచోట ధర అడగడానికి అదే ఆధారం.

ఇంట్లోనే ముందుగా చూసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. పెద్దవాళ్ల వెనక చేయి చాచినంత దూరంలో నిలబడండి. ఒక చెవి దారికి ముందున్న చిన్న మడతను వేలితో నొక్కి రుద్దుతూ ఉండమనండి. ఊపిరి వదిలేసి, గుసగుసగా "నాలుగు, క, ఏడు" వంటి మూడు మాటలు చెప్పండి. తప్పు చెబితే వేరే మూడు చెప్పండి. ఆరింటిలో సగం కూడా చెప్పలేకపోతే ఆ చెవికి పరీక్ష అవసరం. తర్వాత రెండో చెవికి చేయండి. ఎదురుగా నిలబడి చేయకండి, పెద్దవాళ్లు పెదవులు చదివేస్తారు. ఆరాధనలో ముందు బల్ల మీదే కూర్చుంటామని పట్టుబట్టే పెద్దల్లో కొందరు చేస్తున్నది కూడా ఇదే.

మరి ఎవరికి ఏది?

పరీక్షలో కొద్దిపాటి లోపమే ఉందని, చెవిలో రోగం ఏదీ లేదని తేలిందనుకోండి. టీవీ దగ్గర, నలుగురు కూర్చున్నచోట మాత్రమే ఇబ్బంది. స్మార్ట్‌ఫోను వాడడం చేతనవుతుంది, లేదా పక్కన మనుమడు ఉన్నాడు. అలాంటివారు విదేశాల నుంచి పిల్లలు పంపిన, సొంతంగా అమర్చుకునే మంచి మిషన్ వాడి చూడవచ్చు. నాకు అభ్యంతరం లేదు. అయితే అది చెడిపోతే సిద్దిపేటలో బాగుచేసేవారు ఉండరని ముందే తెలుసుకోండి.

మంచం పట్టిన ముసలవ్వకు, ఒకరిద్దరు దగ్గర కూర్చుని మాట్లాడడానికి, ఆసుపత్రిలో డాక్టరు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మాత్రమే కావాలంటే జేబులో పెట్టుకునే వైరు మిషన్ చాలు. చూడడానికి నాజూకుగా ఉండదు గానీ మీటలు పెద్దవి, వణికే వేళ్లకు అందుతాయి, ధర తక్కువ, ఎక్కడైనా పడిపోతే కనిపిస్తుంది. దీన్ని చిన్నచూపు చూడకండి.

మధ్యరకం దాటిన లోపానికి, నలుగురిలో తిరిగేవారికి, ఉద్యోగం, వ్యాపారం చేసేవారికి పరీక్ష చేసి అమర్చిన మిషనే తీసుకోవాలి. ఇక్కడ చౌక చూస్తే రెండుసార్లు కొనవలసి వస్తుంది. అలాగని అన్నిటికంటే ఖరీదైనదే కొననక్కరలేదు. మిషన్ ధర పెరిగేకొద్దీ పెరిగేవి ఎక్కువగా హోరును తగ్గించే సదుపాయాలు, ఫోనుకు కలిపే సదుపాయాలు. ఇంట్లో, చేనులో, చర్చిలో గడిపే మనిషికి మధ్య ధరలోని మిషన్‌ను శ్రద్ధగా అమర్చితే, లక్ష రూపాయలది అజాగ్రత్తగా అమర్చినదానికంటే మేలు చేస్తుంది.

చనిపోయిన తాత మిషన్ నానమ్మకు పెట్టవచ్చా అని కూడా అడుగుతుంటారు. చెవి బిరడా ఒకరి చెవి కొలతకు చేసినది, ఇంకొకరికి అతకదు, అతకకపోతే కీచుమని కూస్తుంది. అయితే మిషన్ కంప్యూటరుతో అమర్చే రకమై, మంచి స్థితిలో ఉంటే, నానమ్మ పరీక్ష కాగితంతో ఆడియాలజిస్టుకు చూపించండి. కొత్త బిరడా చేయించి, లెక్కలు మార్చి వాడుకోవచ్చునేమో వారు చెబుతారు. పారేయకండి.

డబ్బు లేనివారికి

వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం అడిప్ 1981 నుంచి నడుస్తోంది. ఆదాయ పరిమితిలో ఉండి, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవారికి వినికిడి మిషన్ ఉచితంగానో, తగ్గింపు ధరకో వస్తుంది. దీనికి వైకల్య ధ్రువపత్రం, ఇప్పుడైతే యూడీఐడీ కార్డు, అవసరం. చెవుడు వయసుతో వచ్చినదై, అంత శాతం లేకపోయినా దిగులు పడకండి. 60 ఏళ్లు దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. ఇది 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. చేతికర్ర, కళ్లద్దాలు, కట్టుడు పళ్లతో పాటు వినికిడి మిషన్ కూడా ఇందులో ఉంది. శిబిరాలు ఎప్పుడు పెడతారో జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడుగుతూ ఉండండి. శిబిరంలో ఇచ్చిన మిషన్‌ను అక్కడికక్కడే చెవికి పెట్టించుకుని, నడిపే తీరు నేర్చుకుని రావాలి. పెట్టెను అలాగే ఇంటికి తెచ్చుకుంటే అది అలాగే ఉండిపోతుంది.

పెద్ద పరీక్షలకు హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట లోపాల కోసమే ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది, ప్రధాన కార్యాలయం ముంబైలో 1983లో ఏర్పడింది. మన బస్సులు ఆగే జూబ్లీ బస్టాండు నుంచి మనోవికాస్ నగర్ ఎంతో దూరం కాదు. పాత చీటీలు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, పాత మిషన్ ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.

కొనేటప్పుడు, కొన్న తర్వాత

అమర్చే వ్యక్తి అర్హత గల ఆడియాలజిస్టేనా, భారత పునరావాస మండలి నమోదు ఉందా అని అడగండి, మొహమాటపడకండి. వారం పది రోజులు ఇంట్లో వాడి చూసే అవకాశం ఇస్తారా, నచ్చకపోతే ఎంత తిరిగి ఇస్తారు, మళ్లీ మళ్లీ సరిచేయడానికి ఎంత తీసుకుంటారు, చెడిపోతే ఎక్కడికి పంపుతారు అన్నవి బిల్లు మీద రాయించుకోండి. వినికిడి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. రెండు చెవులకూ లోపం ఉంటే రెండిటికీ పెట్టుకోవడం మేలు, మాట ఏ వైపు నుంచి వస్తుందో తెలుస్తుంది. స్థోమత లేకపోతే ఒకదానితో మొదలుపెట్టినా తప్పు లేదు. ఏ చెవికన్నది ఆడియాలజిస్టు చెబుతారు.

మొదటి రోజే అద్భుతం జరుగుతుందని ఆశించకండి. ఏళ్లుగా వినని శబ్దాలు ఒక్కసారి వచ్చి పడతాయి. స్టీలు గిన్నె చప్పుడు, కాగితం గరగర, సొంత గొంతు అన్నీ వింతగా ఉంటాయి. మొదటి వారం ఇంట్లో, ఒక్క మనిషితో, రోజుకు రెండు మూడు గంటలు పెట్టుకోండి. తర్వాత పెంచుకుంటూ పోండి. పెళ్లి బ్యాండు దగ్గర మొదలుపెట్టినవాళ్లు మళ్లీ పెట్టుకోరు. మెదడు అలవాటు పడడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు ఒకటి రెండుసార్లు వెళ్లి సరిచేయించుకోవాలి. ఇబ్బందులను ఒక చీటీ మీద రాసుకుని వెళితే అమర్చేవారికి పని తేలిక.

మిషన్ పెట్టుకుంటే ఉన్న వినికిడి కూడా పోతుందన్న భయం కొందరికి ఉంది. సరిగా అమర్చిన మిషన్ వల్ల అలా జరగదు. వినకుండా ఉండిపోవడం వల్లనే నష్టాలు ఉన్నాయి. మాట కలపలేక పెద్దలు కూడికలకు రావడం మానేస్తారు, ఇంట్లో ఒంటరవుతారు. మతిమరుపు జబ్బుకు వినికిడి లోపం ఒక కారణం కావచ్చని వైద్యులు గుర్తించారు. 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మంది మీద అమెరికాలో జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో, మొత్తం మీద చూస్తే మూడేళ్లలో మిషన్ వల్ల తెలివి తగ్గుదలలో తేడా రాలేదు. కానీ అప్పటికే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో ఆ తగ్గుదల దాదాపు సగానికి మందగించింది. మతిమరుపు రాదని హామీ ఇచ్చి మిషన్ అమ్మేవారిని మాత్రం నమ్మకండి.

చిన్న గుండీ బ్యాటరీలకు అంటించి ఉన్న రంగు కాగితాన్ని వాడే రోజు మాత్రమే తీయండి. తీసి ఒక నిమిషం గాలి తగలనిచ్చి, తర్వాత మిషన్‌లో వేయండి. కాగితం తీశాక వాడినా వాడకపోయినా అది అయిపోతుంది. రాత్రి మిషన్ బ్యాటరీ తలుపు తెరిచి ఉంచండి. వానాకాలంలో తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టండి. స్నానానికి ముందు, తలకు నూనె రాసుకునే ముందు తీసేయండి. బ్యాటరీలను మాత్రల డబ్బా పక్కన పెట్టకండి. చూపు తగ్గిన పెద్దలు మాత్ర అనుకుని మింగిన సందర్భాలు ఉన్నాయి, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మిషన్ పనిచేయడం లేదని బస్సెక్కే ముందు మూడు చూసుకోండి. బ్యాటరీ కొత్తది వేసి చూడండి. బిరడా రంధ్రంలో గుబిలి అడ్డుపడిందేమో చూసి మెత్తని బ్రష్షుతో తీయండి. పాత రకం మిషన్ల మీద ఎమ్, టీ, ఓ అనే మూడు గుర్తులతో ఒక మీట ఉంటుంది. ఓ అంటే ఆపినట్టు, టీ అంటే టెలిఫోను కోసం. వేలు తగిలి మీట టీ మీదికి జరిగితే ఎదుటి మనిషి మాట అసలు వినిపించదు. దాన్ని ఎమ్ మీదికి జరపండి.